రూన్‌స్కేప్: 0.6 సెకన్ల తాళం మీద నడిచిన లోకం

2000 దశకం మధ్యలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పిల్లలకు కంప్యూటర్ అంటే ఇంట్లోది కాదు, నెట్ సెంటర్‌ది. జిరాక్స్ షాపు పైన ఒక గది, ప్లైవుడ్ క్యాబిన్లు, పేరూ టైమూ రాసే రిజిస్టర్, కరెంటు పోగానే కుయ్యిమనే యూపీఎస్. ఎంసెట్ ఫలితాల రోజు లైను మెట్ల కిందిదాకా ఉండేది. మిగతా రోజుల్లో ఆ సిస్టాలు మావే. "అన్నా, సిస్టం ఖాళీ ఉందా?" అని అడిగి కూర్చుంటే ఎక్కువ మంది కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు, లేదంటే వైస్ సిటీ.

అయితే ఆ సిస్టంలో మనదంటూ ఏదీ నిలిచేది కాదు. వైస్ సిటీలో ఎంత దూరం ఆడినా ఆ సేవ్ ఫైలు ఆ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉండేది. రేపు ఆ క్యాబిన్‌లో ఇంకొకరు కూర్చుంటే అంతే. పైగా చాలా సెంటర్లలో డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ వేసేవాళ్లు. రీస్టార్ట్ చేయగానే అది కంప్యూటర్‌ను పాత స్థితికి తెచ్చేస్తుంది. వైరస్‌లు పోతాయి, వాటితో పాటు మన ఆటా పోతుంది.

అలాంటి చోట కూడా నిలిచిన ఆట రూన్‌స్కేప్. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, సీడీ అక్కర్లేదు. బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే జావా సాయంతో తెరుచుకునేది. మన పాత్ర, దాని కత్తి, బ్యాంకులో దాచిన చేపలు అన్నీ ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఉండేవి. సూర్యాపేటలో లాగౌట్ చేసి, సెలవుల్లో కోదాడలో మా బావ వాళ్లింటికి వెళ్లి అక్కడి సెంటర్‌లో లాగిన్ అయితే, నా పాత్ర ఆపిన చోటే నిలబడి ఉండేది. మిర్యాలగూడకు మారిపోయిన నా క్లాస్‌మేట్‌ను వారానికోసారి కలిసేది కూడా అక్కడే, వారాక్ అనే నగరంలో, పడమటి బ్యాంకు ముందు. మా మూడు ఊళ్ల మధ్య బస్సు ప్రయాణం గంటకు పైనే. వారాక్‌లో మాత్రం అందరం పక్కపక్కనే.

ఈ ఆట పుట్టుక వెనుక ఇంకో యంత్రం ఉంది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి పీడీపీ-10 కంప్యూటర్ మీద మడ్ అనే ఆటను మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. అందులో బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. ఉత్తరానికి వెళ్లు అని టైప్ చేస్తే ఇప్పుడు ఎక్కడున్నావో వర్ణన వచ్చేది. అదే గదిలో ఇంకో టెర్మినల్ నుంచి ఆడుతున్న మనిషి ఉంటే అతనూ కనిపించేవాడు. ఎవరు ఎక్కడున్నారో ఒకే కంప్యూటర్ లెక్క పెట్టుకోవడం, ఆటగాళ్లంతా దాన్నే అడిగి తెలుసుకోవడం అనే ఏర్పాటు అక్కడే స్థిరపడింది. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్నే బొమ్మల్లోకి, లక్షల మందికి విస్తరించాయి.

మడ్ తరహా ఆటల ప్రభావంలో ఉన్న ఆండ్రూ గోవర్, సోదరుడు పాల్ సాయంతో, 2001 జనవరి 4న రూన్‌స్కేప్‌ను జనంలోకి వదిలాడు. నాటింగ్‌హామ్‌లోని తల్లిదండ్రుల ఇంట్లోనే పని నడిచింది. ఆ ఏడాది చివర్లో జాజెక్స్ కంపెనీ ఏర్పడింది. 2004 మార్చిలో రెండో రూపం వచ్చింది. మా తరానికి తెలిసిన ఆట అదే.

మరి లండన్‌లోని సర్వర్‌తో కోదాడ క్యాబిన్‌కు ఎలా కుదిరింది? 2004 నాటి మన దేశ బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. మరుసటి జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. ఆ 256ను ఎనిమిది సిస్టాలు పంచుకుంటే ఒక్కోదానికి 32. సెకనుకు 4 కిలోబైట్లు. హైదరాబాద్ నుంచి లండన్‌కు తీగ తిన్నగా వేసినా, గాజు తీగలో కాంతి వెళ్లి రావడానికే దాదాపు 0.08 సెకను పడుతుంది. వంకర దారులు, మధ్యలోని రౌటర్లు, మా లైను నీరసం కలిస్తే అది 0.3 సెకను దాటేది. కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలో దూరపు సర్వర్‌కు కనెక్టయితే ఈ ఆలస్యంతో ఓటమి ఖాయం. ట్రిగ్గర్ నొక్కేలోపే మనం పడిపోయి ఉంటాం.

రూన్‌స్కేప్ సర్వర్ గడియారం తీరు వేరు. అది 0.6 సెకనుకు ఒక్కసారి మాత్రమే కదులుతుంది. ఆటగాళ్లు దాన్ని టిక్ అంటారు. నేల అంతా చదరపు గళ్లు. నడిస్తే టిక్‌కు ఒక గడి, పరిగెత్తితే రెండు. మన కంప్యూటర్ ఎక్కడ క్లిక్ చేశామో మాత్రమే పంపుతుంది, ఆ క్లిక్‌లన్నీ పోగుచేసుకుని సర్వర్ వచ్చే టిక్‌లో అందరివీ ఒకేసారి తేలుస్తుంది. భజనలో చిడతల తాళం లాంటిది ఇది. ఎవరు ఎంత దూరాన కూర్చున్నా తాళం పడేలోపు గొంతు కలిపితే పాటలో ఉన్నట్టే. లండన్ కుర్రాడి క్లిక్ 0.02 సెకనులో చేరినా, మిర్యాలగూడ కుర్రాడిది 0.3 సెకనులో చేరినా, చాలాసార్లు ఇద్దరిదీ ఒకే టిక్‌లో అమలయ్యేది. నెమ్మదిగా నడవడమే ఈ గడియారం గొప్పతనం. దూరంగా, పేదగా ఉన్న కనెక్షన్‌కు అది సమానమైన చోటిచ్చింది.

పొదుపు ఇంకా ముచ్చటైనది. అభిరుచి కొద్దీ ఆ నాటి ప్రోగ్రామ్‌ను విప్పి చదివినవాళ్ల వల్ల అది ఎలా పనిచేసేదో ఇప్పుడు తెలుసు. పక్కన నిలబడిన మనిషి ఎలా కనిపిస్తాడో, అతని చొక్కా రంగేమిటో సర్వర్ ఎదురుపడినప్పుడు ఒకసారి చెబుతుంది. ఆ తర్వాత అతను ఒక అడుగు వేస్తే పంపేది 7 బిట్లు. కదిలాడా లేదా అనే దానికి ఒక బిట్, ఏ రకం కదలికో చెప్పడానికి 2, ఎనిమిది దిక్కుల్లో ఏ దిక్కో చెప్పడానికి 3, వేషం ఏమైనా మారిందా అనే దానికి ఇంకొకటి. పరిగెత్తితే 10 బిట్లు. మన చుట్టూ యాభై మంది నడుస్తున్నా టిక్‌కు 350 బిట్లు, అంటే 44 బైట్లు. బ్యాంకు ముందు జన సందోహమంతా మా 4 కిలోబైట్లలో ఇమిడిపోయేది.

మాటలకూ అదే పొదుపు. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే పన్నెండు అక్షరాలకు, ఖాళీ జాగాకు 4 బిట్ల చొప్పున, మిగతా వాటికి 8 బిట్లు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే మాకు ఇది భలేగా కలిసొచ్చింది. అన్న అని పిలవడానికి కావాల్సిన ఏ, ఎన్ రెండూ ఆ పన్నెండులో ఉన్నాయి. నాలుగు అక్షరాలు కలిపి 2 బైట్లు. ఈ రోజు "అన్నా" అని తెలుగు లిపిలో పంపితే యూనికోడ్‌లో 15 బైట్లు.

ఆటలో చేసేది పెద్ద వీరత్వమేం కాదు. లంబ్రిడ్జ్ పొలంలో ఆవుల్ని కొట్టి తోళ్లు పోగేయడం, చెట్లు నరకడం, రొయ్యలు కాల్చడం. చేపలు పట్టే నైపుణ్యం 40కి చేరితే ఎండ్రకాయల్లాంటి లాబ్‌స్టర్లు పట్టొచ్చు. దానికి పోర్ట్ సారిమ్‌లో 30 నాణేలిచ్చి పడవెక్కి కరంజా దీవికి వెళ్లాలి. మూట 28 గళ్లే. నిండగానే మళ్లీ 30 నాణేలు, మళ్లీ పడవ. ఈ ప్రయాణాల్లోనే కబుర్లు సాగేవి. ఎవరైనా వస్తువు మార్పిడి చేసుకుంటే రెండు తెరల మీద రెండుసార్లు ఒప్పుకోవాలి. చివరి నిమిషంలో సరుకు మార్చి మోసం చేసేవాళ్ల నుంచి కాపాడటానికి పెట్టిన నియమం అది. బజారులో బేరం ఎలా ఆడాలో మాలో కొందరు అక్కడే నేర్చుకున్నారు.

స్థాయిల లెక్క కూడా ఆలోచించి కట్టిందే. ఒక నైపుణ్యంలో 99వ స్థాయికి 1,30,34,431 పాయింట్లు కావాలి. అందులో దాదాపు సగం 92వ స్థాయి దగ్గర వస్తుంది. ప్రతి ఏడు స్థాయిలకూ అవసరం దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి, చివరి ఏడు స్థాయిలూ మొదటి తొంభై రెండింటితో సమానం. గంట చొప్పున డబ్బు కట్టే మాకు 99 అందని ద్రాక్షే. అయినా మొదటి ముప్పై స్థాయిలు చకచకా వచ్చేవి, అదే మమ్మల్ని మళ్లీ మళ్లీ రప్పించింది.

అంతా సర్వర్‌లో ఉండటం ఈ ఆట బలం. దాని గండం కూడా అక్కడే ఉంది. సర్వర్ యజమాని మారిస్తే ఆట అందరికీ ఒకే రోజు మారిపోతుంది. పాత కాపీ ఎవరి దగ్గరా ఉండదు. దొంగ క్రెడిట్ కార్డులతో ఆటలోని బంగారాన్ని అమ్ముకునేవాళ్లను అడ్డుకోవడానికి జాజెక్స్ 2007 చివరి నుంచి స్వేచ్ఛా మార్పిడిని కట్టడి చేసింది. స్నేహితుడికి ఊరికే ఒక కవచం ఇచ్చే వీలు కూడా పోయింది. 2011 ఫిబ్రవరిలో ఆ స్వేచ్ఛ తిరిగొచ్చింది గానీ, 2012 నవంబర్ 20న యుద్ధ పద్ధతినే మొత్తం మార్చేశారు. పాతవాళ్లు గుంపులుగా వెళ్లిపోయారు.

అదృష్టం ఏమిటంటే, 2007 ఆగస్టు నాటి ఆట బ్యాకప్ ఒకటి కంపెనీ దగ్గర దొరికింది. దాన్ని మళ్లీ నడపాలా అని 2013 ఫిబ్రవరిలో ఆటగాళ్లను అడిగితే దాదాపు 4.5 లక్షల ఓట్లు పడ్డాయి. ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో అది తెరుచుకుంది. ఏ కొత్తదనం చేర్చాలన్నా ఆటగాళ్లలో 75 శాతం ఒప్పుకోవాలనే నియమం పెట్టారు, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. 2018 అక్టోబర్ 30న మొబైల్‌లోకి వచ్చింది. బ్రౌజర్లు జావాకు తలుపులు మూసేసిన తర్వాత కూడా ఆట బతికింది.

ఆ బ్యాకప్ లేకపోతే ఏమయ్యేదో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. అదే దశకంలో సిఫీ ఎ3 అనే కొరియా ఆటను, లెవెల్ అప్ సంస్థ రాగ్నరాక్ ఆన్‌లైన్‌ను మన దేశానికి తెచ్చాయి. ఆ భారతీయ సర్వర్లు మూతపడ్డాయి. వాటిలో మనవాళ్లు పెంచుకున్న పాత్రలూ వాటితోనే పోయాయి. అమెరికాలో సిటీ ఆఫ్ హీరోస్ 2012 నవంబర్ 30న ఆగిపోయింది. అభిమానులు నడిపిన సర్వర్‌కు 2024లో గానీ యజమాని నుంచి అనుమతి రాలేదు. రూన్‌స్కేప్ మొట్టమొదటి రూపాన్ని కూడా జాజెక్స్ 2018 ఆగస్టు 6న ఆపేసింది.

పాత ఆటను జనం ఎందుకంతగా కోరుకున్నారు? ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటైన్ సెడికిడెస్ తదితరులు 2006లో పాత జ్ఞాపకాల మీద బెంగపై ఒక అధ్యయనం ప్రచురించారు. అలాంటి జ్ఞాపకాల్లో మనకు దగ్గరి మనుషులే ముఖ్యంగా ఉంటారని, మనం వాళ్ల మధ్యే ఉంటామని తేల్చారు. ఓల్డ్ స్కూల్ అనుభవం దీనికి సరిపోతుంది. 2013లో పాత లోకం తిరిగొచ్చిందే గానీ పాత పాత్రలు రాలేదు. అందరూ మళ్లీ పోరాట స్థాయి 3తో, రొయ్యలు కాల్చడం దగ్గరే మొదలుపెట్టారు. అయినా జనం వచ్చారు. సంపాదన కోసం వచ్చి ఉంటే రారు. కలిసి మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి, అది దొరికింది.

ఇక మేం ఆడిన నెట్ సెంటర్లకు 2011లో కేంద్రం నియమాలు పెట్టింది. గుర్తింపు కార్డు చూడాలి, క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఆ తర్వాత చవక స్మార్ట్‌ఫోన్లు వచ్చి సెంటర్లను మింగేశాయి. ఆ గదుల్ని ఏ బ్యాకప్పూ తిరిగి తేలేదు, తేవాలని అడగడంలోనూ అర్థం లేదు. కానీ సర్వర్ ప్రోగ్రామ్ అలా కాదు, దాన్ని దాచొచ్చు, నడపొచ్చు. 2024 మార్చి 31న ద క్రూ అనే ఆట సర్వర్లు ఆగాక యూరప్‌లో మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం ఇదే అడుగుతోంది. మద్దతు ఆపేసేటప్పుడు, ఆటగాళ్లు తామే నడుపుకునే వీలు వదిలి వెళ్లమంటోంది. 2025 జులైలో ఆ ఉద్యమం పెట్టిన వినతి పది లక్షల సంతకాలు దాటింది.

న్యాయమైన కోరిక అది. ఒక ఆటను మూసేసే హక్కు కంపెనీకి ఉంటే ఉండనీ. లక్షల మంది కలిసి పెరిగిన లోకానికి చివరి కాపీని చెరిపేసే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు. రూన్‌స్కేప్‌ను కాపాడింది ఎవరో ఎందుకో తీసి ఉంచిన ఒక్క బ్యాకప్. తర్వాతి ఆటలను కాపాడేది అదృష్టం కాకుండా చట్టం కావాలి.