ఊరు అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను

పెరుమాళ్ మురుగన్ నవల ‘పైర్’ను ఈ వేసవి సెలవుల్లో మరోసారి చదివాను. తమిళ మూలం 2013లో వచ్చింది. అనిరుద్ధన్ వాసుదేవన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2016లో వెలువడి, 2023లో అంతర్జాతీయ బుకర్ బహుమతి తొలి జాబితాలో నిలిచింది. ‘పైర్’ అంటే చితి. తమిళం రాని నేను దీనిని ఇంగ్లీషులోనే చదివాను. మళ్లీ చదవడానికి కారణం నిరుడు మా ఎం.ఏ. తరగతిలో జరిగిన ఒక సంఘటన. దాన్ని చెప్పేముందు కథ గురించి నాలుగు మాటలు చెప్పాలి.

కుమరేశన్ సోడా సీసాల దుకాణంలో పనిచేసే పల్లెటూరి యువకుడు. తోలూరు అనే పట్టణంలో సరోజను ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు. కొత్త పెళ్లికూతురిని తన ఊరు కాట్టుప్పట్టికి తీసుకువస్తాడు. తల్లి మారాయి గుమ్మంలోనే శోకాలు మొదలుపెడుతుంది. ఇరుగుపొరుగు వారు వచ్చి సరోజ ఒంటి రంగు చూస్తారు, మాట తీరు వింటారు, ఇది మన పిల్ల కాదని తేల్చుకుంటారు. వచ్చిన ప్రతివారూ అడిగేది ఒక్కటే: ఈ పిల్లది ఏ కులం? జాతర వేళకు ఊరు ఆ కుటుంబాన్ని వెలివేస్తుంది. చివరకు సరోజ దాక్కున్న ముళ్లపొదలకు మనుషులు నిప్పు పెడతారు. ఇంత కథలో ఇద్దరి కులాల పేర్లను రచయిత ఒక్కసారీ చెప్పడు.

ఇది భయంతో చేసిన పని కాదు. 2010లో వచ్చిన ‘మాదొరుభాగన్’లో ఆయన తిరుచెంగోడునూ, అక్కడి ఒక కులాన్నీ పేరు పెట్టే రాశారు. ఆ నవలపై ఆందోళనలు చెలరేగింది 2014 డిసెంబరులో. రచయితగా తాను మరణించానని ఆయన ప్రకటించింది 2015 జనవరిలో. మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది 2016 జూలైలో. ‘పైర్’ వీటన్నిటికీ ముందే వచ్చింది. కాబట్టి పేరు చెప్పకపోవడం ఇక్కడ రచయిత స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం.

ఆ నిర్ణయాన్ని చర్చించాలనే నిరుడు తరగతిలో ఒక అభ్యాసం పెట్టాను. సరోజది ఏ కులమై ఉంటుందో, ఆధారాలతో సహా ఊహించి చెప్పమన్నాను. చేతులు చకచకా లేచాయి. ఎవరి జిల్లా అనుభవం వారిని నడిపించింది. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. పాఠం బాగా సాగుతోందని నేను సంతోషిస్తూండగా వెనుక బల్ల మీది విద్యార్థిని లేచింది. “సర్, కాట్టుప్పట్టి వాళ్లు అడిగిందే కదా మీరూ అడుగుతున్నారు?” అంది. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఏదో సిద్ధాంతం చెప్పి గంట గడిపాను గాని, అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

భూమి ఉన్న కులంలో పుట్టినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ఇంటి యజమానులు నన్నూ ఆ ప్రశ్న అడిగారు. మన భాషలో దానికి ఎన్ని మర్యాదైన రూపాలు ఉన్నాయో! “మీరేవిట్లు?” “ఇంటిపేరేమిటి?” “మనవాళ్లేనా?” కులం అనే మాట ఎక్కడా రాదు. నేను జవాబు చెప్పగానే తాళంచెవి చేతికొచ్చేది. అందుకే అది నా జ్ఞాపకంలో ప్రశ్నగా మిగలలేదు, పలకరింపుగానే మిగిలింది. అదే వీధిలో అదే ప్రశ్నకు జవాబు చెప్పి వెనుదిరిగిన సహోద్యోగి ఇప్పటికీ ఆ యజమాని ముఖాన్ని మరచిపోలేదు.

అయితే పేరు చెప్పని నవలే ఉత్తమమని నేను అనడం లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, 1994లో మొదలైన దండోరా తర్వాత తెలుగు దళిత సాహిత్యం ఎంచుకున్న దారి వేరు. 2000లో వచ్చిన వేముల ఎల్లయ్య ‘కక్క’ మాదిగ జీవితాన్ని నల్లగొండ పలుకుబడిలోనే, ఎవరికీ వివరణలు ఇవ్వకుండా చెప్పింది. అదే ఏడాది వచ్చిన జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ రూతు జ్ఞాపకాల గుండా తరాల చరిత్రను నడిపించింది. అందులో శివయ్య సీమోను అవుతాడు. పేరు మారుతుంది, మతం మారుతుంది, అంటరానితనం మాత్రం వెంటే వస్తుంది. తిట్టుగా వాడిన కులం పేరును పేరు చివర సగర్వంగా తగిలించుకున్న కాలం అది. ఆ రచయితలకు పేరు చెప్పడమే ఆత్మగౌరవం. పేరు దాచిన కథను చదివి, ఇది ఎక్కడో ఎవరికో జరిగిందని కన్నీరు తుడుచుకుని లేచిపోయే సౌకర్యం నాలాంటి పాఠకుడికి ఎప్పుడూ ఉంటుంది. ‘పైర్’ మీద ఈ విమర్శ న్యాయమైనదే.

మన పత్రికల భాషలోనే ఈ సౌకర్యం ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి ముందు, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అన్నేళ్లూ మనం దానిని ‘పరువు హత్య’ అనే రాశాం. పరువు అన్నది చంపినవారి మాట. చంపింది కులం. హంతకుల పక్షాన పదం ఎంచుకుని మృతుల పక్షాన సంపాదకీయం రాయడం ఎలా కుదురుతుంది?

రెండోసారి చదివాక నాకు తోచింది ఇది. ఏ కులమన్నది బాధితులు తమంత తాముగా చెప్పుకుంటే అది సాహిత్యంలో ఒక హక్కు. ఎదుటివాడు ఆరా తీస్తే అది కాట్టుప్పట్టి. మురుగన్ జవాబును దాచిపెట్టి ప్రశ్నను మాత్రం పేజీ పేజీనా వినిపించాడు. ఆ ఖాళీని పూరించబోయిన ప్రతి పాఠకుడూ తెలియకుండానే మారాయి గుమ్మం ముందు చేరిన గుంపులో నిలబడతాడు. నేనూ నిలబడ్డాను, చాక్‌పీసు చేతబట్టుకుని మరీ.

వచ్చే సెమిస్టరులో ఈ నవలను మళ్లీ చెప్పబోతున్నాను. ఈసారి సరోజ కులం అడగను. ‘ఈ ప్రశ్నను మీరు జీవితంలో ఎవరిని, ఎప్పుడు, ఏ మాటల్లో అడిగారు?’ అని అడుగుతాను. రాయడం ఇష్టం లేనివారు రాయనక్కరలేదు. మొదటి కాగితం మాత్రం నాదే. నిరుడు వెనుక బల్ల మీద కూర్చున్న ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్లిపోయింది. ఆమెకు నేను బాకీపడిన జవాబులో అది మొదటి వాక్యం.