కిరణ చికిత్స: వదంతి కాదు, విచారణ కావాలి

పుప్పాలగూడలో నేడు సెల్‌ఫోన్ లేని ఇల్లు అరుదు. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలితే వైద్యుని మాటకన్నా ముందే వాట్సాప్ సందేశాలు చేరుతున్నాయి. ‘కరెంటు పెట్టించుకున్నవారి దగ్గరకు పిల్లల్ని రానివ్వకండి’ అన్నది వాటిలో ఒకటి. ఆ భయంతో తల్లిని బిడ్డలకు దూరం చేయడం అన్యాయం. వెలుపలి యంత్రం ద్వారా ఇచ్చే రేడియేషన్ యంత్రంతోపాటే ఆగిపోతుంది; రోగి ఒంట్లో మిగలదు. లోపల రేడియోధార్మిక పదార్థం ఉంచే పద్ధతి వేరు. దాని జాగ్రత్తలు వైద్యులే చెబుతారు.

వార్తను విచారించి నిర్ధారించుకోవాలన్నది హుజురాత్ సూరా 6వ ఆయత్ బోధన. సందేశాన్ని ఫార్వర్డ్ చేసే వేలికీ అది వర్తిస్తుంది. నగరంలోని రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసి, మెహదీ నవాజ్ జంగ్ పేరిట నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వీడియో చూసినా, సందేహం తీర్చుకోవలసింది చికిత్స చేస్తున్న వైద్యుని వద్దనే.

ఈ చికిత్స తరచుగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. మధ్యలో మానితే ఫలితం తగ్గవచ్చు. చర్మంపై గీసిన గుర్తులు చెరపరాదు. సిరా మరక నీటిని అడ్డగించదు గనుక వుజూ చెల్లుతుంది. నీరు హానికరమని వైద్యుడంటే తయమ్ముమ్ ఉంది. రోగి ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చని బఖరా సూరా 185వ ఆయత్ అనుమతిస్తోంది.

చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (సఅసం) బోధనే. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. తెలిసిన సత్యాన్ని పొరుగింటికి చేర్చడం మన బాధ్యత.