సమ్మతి ఎవరిది? రుజువు ఎవరిది?
లైంగిక నేరాల చట్టంలో వలస కుటుంబాలు తెలుసుకోవలసిన అంశాలు

పల్సానా (సూరత్ జిల్లా): సూరత్ నగరానికి ఆగ్నేయంగా జాతీయ రహదారిపై ఉన్న పల్సానా తాలూకా అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు నెలవు. ఇక్కడి కార్మికుల్లో అధిక సంఖ్యాకులు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు. సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలు కూడా తరాలుగా ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. స్వగ్రామానికి దూరంగా, అద్దె గదుల్లో, పరాయి భాష మధ్య బ్రతికే ఇటువంటి కుటుంబాల్లోని స్త్రీపై అఘాయిత్యం జరిగితే మొట్టమొదట తలెత్తే ప్రశ్నలు రెండు. ఫిర్యాదు ఎక్కడ చేయాలి? చేస్తే న్యాయస్థానంలో నిలుస్తుందా? 2024 జూలై 1 నుంచి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చిన దరిమిలా ఈ ప్రశ్నలకు చట్టం ఇచ్చే సమాధానాలను పరిశీలించడం అవసరం.

నేరానికి మూలం సమ్మతి

న్యాయ సంహితలోని 63వ సెక్షన్ అత్యాచారాన్ని నిర్వచిస్తున్నది. స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా గాని, ఆమె సమ్మతి లేకుండా గాని జరిగిన లైంగిక చర్య నేరమవుతుంది. ప్రాణభయంతోనో, గాయపరుస్తారన్న భయంతోనో, తనకు కావలసినవారికి హాని జరుగుతుందన్న బెదిరింపుతోనో ఇచ్చిన సమ్మతి చెల్లదు. మత్తులో ఉన్నప్పుడు లేదా మతి స్థిమితం లేనప్పుడు పరిణామాలు గ్రహించలేక ఇచ్చిన సమ్మతీ చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండని బాలిక విషయంలో సమ్మతి ప్రసక్తే లేదు.

సమ్మతి అంటే మాట ద్వారానో, సైగ ద్వారానో, మరే విధంగానో నిస్సందేహంగా, స్వచ్ఛందంగా వ్యక్తమైన అంగీకారమని చట్టమే వివరణ ఇచ్చింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్లు భావించరాదని కూడా స్పష్టం చేసింది.

ఈ చివరి వాక్యం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో ఒంటిపై గాయాలు లేవన్న అంశానికి ప్రాధాన్యమిచ్చి సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరన్నది ఆ లేఖ సారాంశం. దేశవ్యాప్తంగా చెలరేగిన ఆందోళన ఫలితంగా 1983లో చట్టాన్ని సవరించారు.

యజమాని, మేస్త్రీ అయితే

ఆనాటి సవరణలో వచ్చిన ఒక నిబంధన క్రమేణా విస్తరించి నేడు మిల్లు కార్మికులకు సైతం వర్తించే స్థితికి చేరింది. పోలీసు, ప్రభుత్వోద్యోగి, ఉపాధ్యాయుడు, బంధువుతో పాటు స్త్రీపై అధికారం లేదా ఆధిపత్యం గల స్థానంలో ఉన్న వ్యక్తి అత్యాచారానికి పాల్పడితే దానిని తీవ్రమైన నేరంగా పరిగణిస్తారు. అటువంటి కేసుల్లో లైంగిక చర్య జరిగినట్లు రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు సాక్ష్యమిస్తే, సమ్మతి లేదనే న్యాయస్థానం భావించాలని భారతీయ సాక్ష్య అధినియం 120వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. సమ్మతి ఉన్నదని చూపవలసిన బాధ్యత అప్పుడు నిందితునిపై పడుతుంది.

69వ సెక్షన్ కొత్తది. నెరవేర్చే ఉద్దేశం లేకుండానే పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి గాని, ఉద్యోగం లేదా పదోన్నతి ఆశ చూపి గాని, తన గుర్తింపును దాచి వివాహమాడి గాని లైంగిక సంబంధం పెట్టుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా పదేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు.

మాట తప్పడం, మోసగించడం

ఆచరణలో అత్యంత వివాదాస్పదమైనది పెళ్లి వాగ్దానమే. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు నిందితుని శిక్షను ఖరారు చేసింది. పెళ్లి చేసుకుంటానని యువతిని నమ్మించి, ఆమె గర్భవతి అయిన తరువాత పెద్దల పంచాయతీలో ఒప్పుకుని, ఆపై మొహం చాటేసిన వ్యక్తికి మొదటి నుంచీ ఆ ఉద్దేశమే లేదని ధర్మాసనం నిర్ధారించింది. అయితే ప్రతి భగ్న ప్రేమా నేరం కాదు. వాగ్దానం చేసిన నాడే అది అబద్ధమై ఉండాలని, ఆ అబద్ధమే స్త్రీ నిర్ణయానికి ప్రత్యక్ష కారణమై ఉండాలని 2019లో మహారాష్ట్రకు చెందిన కేసులో సుప్రీంకోర్టు రెండు గీటురాళ్లు పెట్టింది. నిజాయితీగా మాట ఇచ్చి, తరువాత పరిస్థితులు అడ్డుపడి నెరవేర్చలేకపోయిన వ్యక్తి అత్యాచార నేరస్థుడు కాడు.

నిందితుని హక్కులు

నేరాన్ని నిస్సంశయంగా రుజువు చేయవలసిన భారం ప్రాసిక్యూషన్‌దే. ఘటన జరగనే లేదని, ఆ సమయంలో తాను వేరొక చోట ఉన్నానని, సమ్మతి ఉన్నదని, సాక్ష్యంలో పరస్పర వైరుధ్యాలున్నాయని వాదించే హక్కు నిందితునికి ఉంది. సహేతుకమైన సందేహం మిగిలితే సంశయ లాభం అతనికే దక్కుతుంది.

అదే సమయంలో బాధితురాలి మాటకు వేరొక సాక్షి ఊతం తప్పనిసరి కాదు. ఈ సూత్రాన్ని బలంగా చాటిన తీర్పు గుజరాత్ కేసులోనే వెలువడింది. గాంధీనగర్ సచివాలయ ఉద్యోగి ఒకరు బాలికలపై జరిపిన అఘాయిత్యం కేసులో 1983లో జస్టిస్ ఎం.పి. ఠక్కర్, బాధితురాలి సాక్ష్యాన్ని ఊతం లేదన్న నెపంతో తోసిపుచ్చడం గాయంపై అవమానాన్ని చేర్చడమేనని వ్యాఖ్యానించారు. అదే తీర్పులో నిందితుని శిక్షను రెండున్నరేళ్ల నుంచి పదిహేను నెలలకు తగ్గించడం గమనార్హం. నేడు అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు, పదహారేళ్లలోపు బాలికల విషయంలో ఇరవై ఏళ్లు. శిక్ష ఇంత తీవ్రమైనందున ఆ ఒక్క సాక్ష్యమూ నిష్కళంకంగా ఉండాలని న్యాయస్థానాలు కోరుతున్నాయి.

ఫిర్యాదులో జాప్యం జరిగినంత మాత్రాన కేసు వీగిపోదని 1996లో సుప్రీంకోర్టు పేర్కొంది. కుటుంబ పరువు గురించిన సంకోచమే జాప్యానికి కారణం కావచ్చని అభిప్రాయపడింది. బాధితురాలి గత జీవితం, శీలం గురించిన ప్రశ్నలు సమ్మతిని తేల్చడంలో అప్రస్తుతం. రెండు వేళ్ల పరీక్ష జరిపినవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు హెచ్చరించింది.

భార్య వయస్సు పద్దెనిమిదేళ్లకు తక్కువ కాకుంటే భర్తకు చట్టం ఇచ్చిన మినహాయింపు న్యాయ సంహితలోనూ కొనసాగింది. దీని రాజ్యాంగబద్ధతపై 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం భిన్న తీర్పులు ఇవ్వడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

వయస్సు కాగితం

వలస కుటుంబాలకు చిక్కు తెచ్చేది వయస్సు రుజువు. 2012 నాటి పోక్సో చట్టం వర్తించాలంటే బాధితురాలు పద్దెనిమిదేళ్లలోపు అని తేలాలి. బాల నేరస్థుల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం పాఠశాల ఇచ్చిన జన్మతేదీ ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, అది లేకుంటే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. బడి మారినప్పుడు ఇచ్చే బదిలీ సర్టిఫికెట్ ఇందుకు చాలదని 2023 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. వయస్సు రుజువు కానందున ఆ కేసులో పోక్సో శిక్ష రద్దయింది. ఊరూరు తిరిగే కుటుంబం పిల్లల జనన పత్రాలను భద్రపరచుకోవడం ఎంత ముఖ్యమో దీనిని బట్టి విదితమవుతున్నది.

ఏ ఠాణాకైనా వెళ్లవచ్చు

ఘటన పల్సానాలో జరిగి, కుటుంబం భయంతో సిరిసిల్లకు తిరిగి వెళ్లినా ఫిర్యాదు మార్గం మూసుకుపోదు. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఏ పోలీసు ఠాణాలోనైనా ఫిర్యాదు స్వీకరించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది. జీరో ఎఫ్ఐఆర్‌గా పేర్కొనే దీనిని తరువాత సంబంధిత ఠాణాకు బదిలీ చేస్తారు. అత్యాచారం ఫిర్యాదును నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చేయాలి. దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి కావాలి. విచారణ రహస్యంగా సాగాలి. బాధితురాలి పేరు వెల్లడించడం స్వయంగా నేరం.

కులపెద్దల సమక్షంలో డబ్బిచ్చి సర్దుబాటు చేసుకునే ఆచారానికి చట్టంలో స్థానం లేదు. పోక్సో కేసును ఇరు పక్షాల రాజీ ఆధారంగా రాజస్థాన్ హైకోర్టు కొట్టివేయగా, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి విచారణ కొనసాగించాలని ఆదేశించింది. ఇటువంటి నేరం ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదని, సమాజంపై జరిగిన నేరమని ఆ తీర్పు తాత్పర్యం. బాలలపై నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు తెలపకపోవడం పోక్సో చట్టం కింద శిక్షార్హం. పంచాయతీ నడిపించే పెద్దలకు కూడా ఈ నిబంధన వర్తిస్తుంది.