ఎలుకకు తనవాళ్ళెవరు?



మా జనరల్ వార్డులో మంచాలు పక్కపక్కనే ఉంటాయి. పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒక మంచం మీద, కుప్పం నుంచి వచ్చిన అబ్బాయి పక్క మంచం మీద. తోడుగా వచ్చిన ఆడవాళ్ళు కింద చాపల మీద. మొదటి రోజు ఎవరి ఫ్లాస్కు వాళ్ళదే, ఎవరి క్యారియరు వాళ్ళదే. "మీరేమోళ్ళు?" అని నెమ్మదిగా అడగడం కూడా మా చెవిన పడుతుంటుంది. మూడో రోజుకు చూస్తే, "అక్కా, నేను మందులషాపు దాకా పోయొస్తా, సెలైన్ అయిపోతే నర్సమ్మను పిలువు" అని ఒకరికొకరు రోగిని అప్పగించి పోతుంటారు.

ఈ మూడు రోజుల్లో మారిందేమిటి? దీనికి కొంత జవాబు ఎలుకల మెదడులో దొరికిందంటే నవ్వకండి.

2011లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఇన్బల్ బెన్-అమీ బార్తాల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక పరీక్ష చేశారు. ఒక ఎలుకను ఇరుకైన పారదర్శక గొట్టంలో పెట్టి మూశారు. దానితో ఒకే బోనులో ఉంటున్న ఎలుకను బయట వదిలారు. గొట్టం తలుపు బయటినుంచే తీయాలి. ఎవరూ నేర్పకుండానే, కొన్ని రోజులు తంటాలు పడి, చాలా ఎలుకలు తలుపు తీయడం నేర్చుకుని తోటిదాన్ని విడిపించాయి. పక్కనే చాకొలెట్ ముక్కలు పెట్టినా, అన్నీ తినేయకుండా బయటికొచ్చిన దానికీ కొన్ని మిగిల్చాయి. తోడు కోసమే అలా చేశాయి తప్ప జాలితో కాదని వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదన ఇంకా పూర్తిగా తేలలేదు.

మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది 2014 నాటి పరీక్ష. ఈసారి రెండు జాతుల ఎలుకలు. ఒకటి పూర్తిగా తెల్లది, ఇంకొకటి తల, వీపు నల్లగా ఉండేది. తెల్ల ఎలుక ముక్కూమొహం తెలియని తెల్ల ఎలుకనైనా విడిపించింది గాని, నల్ల మచ్చల దాన్ని పట్టించుకోలేదు. అయితే రెండు వారాలు ఒక నల్ల మచ్చల ఎలుకతో కలిసి బతికిన తర్వాత, ఆ జాతిలో కొత్తవాటిని కూడా విడిపించసాగింది. పుట్టగానే నల్ల మచ్చల ఎలుకల మధ్య పెంచిన తెల్ల ఎలుకలైతే ఆ జాతినే ఆదుకున్నాయి. తమ సొంత తెల్ల జాతిని వదిలేశాయి! రక్తం కాదు, కలిసి మెలగడమే లెక్కకు వచ్చింది.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతోందో 2021లో ప్రచురించిన పరిశోధనలో చూశారు. చిక్కుకున్నది తన జాతిదైనా, పరజాతిదైనా, ఎదుటిదాని బాధకు స్పందించే భాగాలు రెండు సందర్భాల్లోనూ పనిచేశాయి. తేడా న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న భాగంలో కనిపించింది. మెదడు లోతున ఉండే ఈ భాగం తిండి వైపు, తోడు వైపు, ఇష్టమైన ప్రతిదాని వైపు ప్రాణిని నడిపిస్తుంది. తనవాళ్ళు చిక్కుకున్నప్పుడు ఇది చురుకైంది. పరాయిదైతే అంతగా కాలేదు.

ఇది చదివి మేము కాసేపు ఆగిపోయాం. బాధ కనబడక కాదన్నమాట. మంచి సమరయుని కథలో యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవాణ్ణి చూడకపోలేదు, చూసే పక్కగా వెళ్ళిపోయారు.

ఇంకొక మాట. ఎదిగే వయసులోని ఎలుకలు పరజాతి వాటిని కూడా విడిపించాయని 2022లో అదే బృందం తెలిపింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పంలో పిల్లలు మూడు భాషల్లో ఆడుకోవడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఎలుకకు జరిగిందంతా మనిషికీ అట్లే జరుగుతుందని మేము చెప్పడం లేదు. మనిషికి భయాలు ఎక్కువ. క్షయ సంగతే తీసుకోండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వేర్వేరు మిషన్లు కలిసి నడిపిన శానటోరియం నూరేళ్ళ కిందట మొదలైంది. అప్పట్లో సరైన మందు లేదు. రోగి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండవలసి వచ్చేది. ఇప్పుడు మందులున్నాయి. అయినా జబ్బు నయమై వచ్చిన కోడలికి ఏడాదైనా పళ్ళెం వేరు, గ్లాసు వేరు, గుడిలో పక్కన ఖాళీ.

క్షయ గాలి ద్వారా, దగ్గినప్పుడు వస్తుంది. పళ్ళెం వల్లా, చేయి కలపడం వల్లా రాదు. మామూలు మందులకు లొంగే క్షయ అయితే, క్రమం తప్పకుండా మింగితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు మాస్కు, గాలి బాగా ఆడే గది చాలా అవసరం. ఆ గడువు ఎప్పుడు తీరిందో మీ డాక్టరు చెబుతారు. మొహమాటపడకుండా అడగండి. ఆ మాట వినేటప్పుడు ఇంటివాళ్ళను కూడా వెంట తీసుకురండి.