పెట్రోలులో సీసం, పెట్రోలులో సారా

బంకు దగ్గర బండి ఆపి "రెండు వందలకు పొయ్యి బాబూ" అంటాం. మీటరు గిర్రున తిరుగుతుంది, డబ్బిచ్చి వచ్చేస్తాం. గొట్టంలోంచి పడింది ఏమిటని ఎవరం అడగం. అడిగితే తెలుస్తుంది, అందులో అయిదో వంతు సారా అని! కంగారు పడకండి. బంకువాడు కల్తీ చేయలేదు. కలపమన్నది సర్కారువారే. ఇథనాల్ అని పెద్ద పేరు పెట్టినా అది నీరు పూర్తిగా తీసేసిన సారాయే.

ఈ సారా నూరేళ్ల క్రితమే పెట్రోలు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రానివ్వలేదు. దాని బదులు సీసాన్ని రానిచ్చారు. ఆ కథ కాస్త నిదానంగా చెప్పుకోదగ్గది.

మోటారుకార్లు వచ్చిన కొత్తలో ఇంజన్లకు ఒక జబ్బుండేది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమనేవి. సిలిండరులో పెట్రోలు ఆవిరి వరసగా మండక, తనంతట తాను పేలడం వల్ల వచ్చే చప్పుడది. అమెరికాలో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు దీనికి మందు వెదికాడు. సారా కలిపితే చప్పుడు పోతుందని ఆయనకు తెలుసు. కాని సారా ఎవరైనా కాచుకోగలరు, దాన్ని సొంతం చేసుకుని లాభం గడించడం ఎలా? పైగా చాలా కలపాలి. 1921 డిసెంబరులో ఆయనకు మరో మందు దొరికింది. దాని పేరు టెట్రా ఇథైల్ లెడ్. గాలను పెట్రోలుకు నిండు చెంచా కూడా అక్కర్లేదు.

లెడ్ అంటే సీసం. సీసం విషమని లోకానికి ఎన్నడో తెలుసు. అందుకే కాబోలు, బజారులో పెట్టేటప్పుడు పేరులోంచి లెడ్ తీసేసి 'ఇథైల్' మాత్రం ఉంచారు! 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో అమ్మకం మొదలైంది.

మరుసటి సంవత్సరం అక్టోబరులో, న్యూజెర్సీలోని స్టాండర్డ్ ఆయిల్ వారి బేవే కర్మాగారంలో ఈ మందు తయారుచేసే కార్మికులకు మతి చలించింది. లేనివేవో కనిపించి కేకలు పెట్టారు. కట్టి ఆస్పత్రికి మోసుకుపోవలసి వచ్చింది. అయిదుగురు చనిపోయారు. ఆ భవనానికి తోటి పనివాళ్లు పెట్టుకున్న పేరు 'పిచ్చి గ్యాసు' భవనం. మిడ్జ్‌లీ దొర విలేకరులను పిలిచి, వాళ్ల ఎదుటనే ఆ ద్రవం చేతుల మీద పోసుకుని, వాసన పీల్చి, ప్రమాదమేమీ లేదన్నాడు. అదే దొర 1923లో ఒంట్లోకి సీసం పోయి కొన్ని వారాలు సెలవు పుచ్చుకున్న సంగతి మాత్రం ఆనాడు చెప్పినట్టు లేదు.

గగ్గోలు పుట్టింది. అమ్మకం కొన్నాళ్లు ఆగింది. ప్రభుత్వం నిపుణుల సంఘం వేసింది. నిషేధించడానికి తగిన ఆధారం లేదు, ఇంకా పరిశోధన జరగాలి అని 1926లో వారు తేల్చారు. ఆ పరిశోధన తర్వాత దాదాపు నలభై ఏళ్లు చాలా వరకు కంపెనీల డబ్బుతోనే నడిచింది. ఫలితం ఎటు మొగ్గిందో వేరే చెప్పాలా?

దొంగను పట్టుకున్నది వైద్యుడు కాదు, రాళ్ల శాస్త్రవేత్త. క్లెయిర్ పాటర్సన్ అనే ఆయన భూమి వయస్సు లెక్క కట్టడానికి రాళ్లలో సీసం కొలుస్తూ ఉండేవాడు. ఎంత శుభ్రం చేసినా ప్రయోగశాలలో ఎక్కడ చూసినా సీసమే. గాలిలో, దుమ్ములో, తన ఒంటి మీద కూడా. చివరకు 1956లో భూమి వయస్సు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు గాని, ఆ దుమ్ము సంగతి ఆయన్ని వదల్లేదు. మనుషుల ఒళ్లలోని సీసం సహజమైనది కాదని 1965లో రాసేశాడు. చమురు వారి నుంచి వచ్చే సాయం ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు.

1970లో అమెరికా పరిశుభ్ర వాయు చట్టం వచ్చాక సీసాన్ని మెట్టు మెట్టుగా దింపారు. 1996 నుంచి రోడ్డు బండ్లకు పూర్తిగా నిషేధం. 1976–80 మధ్య అక్కడి జనం రక్తంలో డెసిలీటరుకు సగటున సుమారు 13 మైక్రోగ్రాముల సీసం ఉండేది. 1988–91 నాటికి అది 3కు లోపే. కోట్లాది పసిపిల్లల బుర్రలను కాపాడిన ఉత్తరువు అది. మన దేశంలో ఎం.సి. మెహతా సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం పుణ్యమా అని 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే. ప్రపంచంలో కట్టకడపట మానింది అల్జీరియా, 2021లో. డేటన్‌లో మొదలైన వ్యాపారం 98 ఏళ్లు నడిచిందన్నమాట.

సీసం పోయినా టకటక జబ్బుకు మందు కావాలి కదా. అలా సారా మళ్లీ గుమ్మం ఎక్కింది. బ్రెజిల్ వారు 1931లోనే దిగుమతి పెట్రోలులో నూటికి అయిదు పాళ్లు కలపాలన్నారు. మన దగ్గర 1948లోనే ఇందుకొక చట్టం చేసి మూలన పెట్టారు. 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు పాళ్లతో మొదలెట్టారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూన్‌కు పది పాళ్లు, 2025కు ఇరవై.

విదేశీ చమురు ఖర్చు తగ్గుతుంది, చెరకు రైతుకు బాకీలు తీరతాయి. ఇది నేను కాదనను. కాని సారాకు పెట్రోలులో మూడింట రెండొంతుల సత్తువే ఉంది. పాత కార్లకు మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. లీటరు చెరకు సారాకు దాదాపు 2,860 లీటర్ల నీరు కావాలన్నదీ ఆ నివేదికే. చెరకు చాలక మొక్కజొన్న, నూకలు, గిడ్డంగుల బియ్యం కూడా బట్టీకి పోతున్నాయి. సారా కలపని పెట్రోలు కూడా అమ్మించాలని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళితే 2025 సెప్టెంబరు 1న కొట్టేశారు. సీసం నాడు పరిశోధన ఎవరి చేతిలో ఉందో తలచుకుంటే, ఈసారి లెక్కలు ఇటు అమ్మేవారూ అటు ఉత్తరువు ఇచ్చేవారూ కాని మూడోవారు చూడాలని నాకనిపిస్తుంది.

2024 నవంబరులో తెలంగాణలోని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ కడుతుంటే, మా నీళ్లూ గాలీ ఏమవుతాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఆడవాళ్లతో సహా, రోడ్డు మీద బైఠాయించారు. రాత్రయినా లేవలేదు. మర్నాడు పనులు ఆపమని ఉత్తరువు వచ్చింది.