విభేదిస్తూనే ముందుమాట రాసిన గురువు

ఏటా ఏప్రిల్ 14న ఊరూరా అంబేడ్కర్ విగ్రహాలకు పూలమాలలు పడతాయి. అంతకు ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 8న, ఆయనకు అర్థశాస్త్రంలో మార్గదర్శి అయిన ఒక ఆచార్యుని వర్ధంతి ఎవరికీ పట్టకుండా గడిచిపోతుంది. ఆయన 1935లో కన్నుమూసిన ఎడ్విన్ కానన్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆరంభమైన 1895 నుంచి 1926 దాకా అక్కడ పాఠం చెప్పారు. శిష్యుని వాదనల్లో అధికభాగాన్ని తాను అంగీకరించడం లేదని చెబుతూనే, ఆ శిష్యుని పుస్తకానికి ముందుమాట రాశారు. కుల సమాజంలో గురుశిష్య సంబంధం ఎలా ఉండాలో ఆలోచించేవారు ఆ చిన్న ముందుమాట దగ్గర కాసేపు ఆగాలి.

కానన్ ప్రధానంగా ఆర్థిక భావాల చరిత్రకారుడు. సిద్ధాంతాలు ఆకాశం నుంచి ఊడిపడవని, అవి ఆనాటి రాజకీయ వివాదాల నుంచి, అవసరాల నుంచి పుడతాయని ఆయన చూపించారు. 1776 నుంచి 1848 వరకు ఇంగ్లిష్ అర్థశాస్త్రంలో ఉత్పత్తి, పంపిణీ సిద్ధాంతాలు ఎలా రూపుదిద్దుకున్నాయో వివరిస్తూ 1893లో ఒక గ్రంథం ప్రచురించారు. రికార్డో, మాల్థస్ వంటి మహామహుల తర్కదోషాలను కూడా అందులో మొహమాటం లేకుండా ఎత్తిచూపారు. ఆడమ్ స్మిత్ 1790లో మరణించే ముందు తన రాతప్రతుల్లో అధికభాగాన్ని తగలబెట్టించారు. గ్లాస్గోలో ఆయన చెప్పిన పాఠాలు ఒక విద్యార్థి రాసుకున్న నోట్సు రూపంలో మాత్రం మిగిలాయి. వాటిని పరిష్కరించి 1896లో లోకానికి అందించినవారు కానన్. 1904లో ఆయన వెలువరించిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పరిష్కృత ప్రతి దశాబ్దాల పాటు పండితులకు ప్రామాణికమైంది. గురువు మాట శిష్యుని నోటుపుస్తకంలో బతుకుతుందన్న సత్యం ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

అటువంటి ఆచార్యుని చెంతకు అంబేడ్కర్ చేరిన దారి సుగమమైనది కాదు. బరోడా మహారాజు ఉపకారవేతనంతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడ సెలిగ్మన్ వద్ద ప్రభుత్వ విత్తశాస్త్రం చదివారు. 1916లో లండన్ చేరారు. ఉపకారవేతనం గడువు తీరడంతో మరుసటి ఏడాదే చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. కొలంబియాలో చదివిన ఆ అధికారికి బరోడా నగరంలో తలదాచుకునే గది దొరకలేదు. కులం దాచుకుని పార్సీ సత్రంలో దిగితే, సంగతి బయటపడ్డాక కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యునిగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో, మిత్రుల సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు.

అక్కడ ఆయన చేపట్టిన అంశం రూపాయి సమస్య. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం టంకశాలల్లో ప్రజలు వెండిని ఇచ్చి స్వేచ్ఛగా నాణేలు ముద్రించుకునే పద్ధతిని నిలిపివేసింది. అప్పటి నుంచి రూపాయి విలువ అందులోని వెండిపై కాక ప్రభుత్వ నిర్వహణపై ఆధారపడింది. క్రమంగా రూపుదిద్దుకున్న ఈ స్వర్ణ వినిమయ ప్రమాణాన్ని కీన్స్ 1913లో రాసిన తన గ్రంథంలో సమర్థించారు. అంబేడ్కర్ దానిని ఖండించారు. రూపాయలను ఎంతైనా ముద్రించగల అధికారం పాలకుల చేతిలో ఉంటే దేశంలో ధరల స్థిరత్వానికి పూచీ ఉండదన్నది ఆయన వాదన. మారకపు విలువ పడిపోతే దేశానికి లాభమన్న వాదాన్నీ ఆయన ప్రశ్నించారు. ఆ లాభం ఎవరిది, నష్టం ఎవరిది అని అడిగారు. ధరలు పెరిగినంతగా కూలి పెరగదు కనుక, వర్తకుని లాభం శ్రామికుని కంచం నుంచి తీసినదే అవుతుంది. ద్రవ్యశాస్త్రంలోకి కూలివాని కడుపును తెచ్చిన ప్రశ్న అది.

1922లో సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి పరీక్షకులు అభ్యంతరాలు చెప్పారు. అంబేడ్కర్ దానిని సవరించి తిరిగి సమర్పించి 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. ఆ ఏడాదే పుస్తకమూ వెలువడింది. దాని ముందుమాటలో కానన్ పొగడ్తలతో మొదలుపెట్టలేదు. స్వర్ణ వినిమయ విధానంపై రచయితకున్న వ్యతిరేకత తనకు లేదని స్పష్టం చేశారు. అయితే కొన్నిచోట్ల రచయిత గురి తప్పకుండా కొట్టారని, తప్పనిపించిన చోట కూడా ఆలోచన తాజాగా ఉందని ఒప్పుకున్నారు. ఆచరణకు సంబంధించిన తుది నిర్ణయంలో మాత్రం రచయితే సరైనవారని అభిప్రాయపడ్డారు. పాలకులు ద్రవ్యంతో ఆటలాడడం ఎంత కష్టమైతే ప్రజలకు అంత మేలని ఆయన తర్కం. అంబేడ్కర్ కూడా అంతే నిజాయితీగా స్పందించారు. తన అభిప్రాయాలకు గురువు బాధ్యులు కారని చెబుతూనే, ఆయన కఠిన పరిశీలన తనను ఎన్నో పొరపాట్ల నుంచి కాపాడిందని కృతజ్ఞత తెలిపారు.

మన పురాణం మనకిచ్చిన గురువు ద్రోణుడు. నేర్పని విద్యకు దక్షిణగా ఏకలవ్యుని బొటనవేలు కోయించుకున్నాడు. కానన్ నేర్పారు, తప్పు పట్టారు, ఒప్పును ఒప్పుకున్నారు, దక్షిణగా విధేయత కోరలేదు. ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన సామ్రాజ్య రాజధానిలో కూర్చున్న ఆచార్యుడే. అయినా తన ఎదుట కూర్చున్న విద్యార్థిని వాదించదగిన మేధావిగా చూశారు. విభేదించడం కూడా ఒక గౌరవమే. అణగారిన కులాల విద్యార్థికి తరచుగా దక్కేది తిరస్కారం, లేదా జాలి. ఆ రెండింటిలోనూ వాదన ఉండదు.

స్మిత్ గ్రంథం మొదటి అధ్యాయం శ్రమ విభజన గురించి. కులం కూడా శ్రమ విభజనేనని సమర్థించేవారికి అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో జవాబిచ్చారు. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విడదీసి ఒకరిపై ఒకరిని మెట్లుగా పేర్చిందని తేల్చారు. సిద్ధాంతాన్ని అది పుట్టిన నేల మీదా, అన్వయించే నేల మీదా నిలబెట్టి పరీక్షించే చదువు ఇలాంటి ఫలాన్నిస్తుంది.

ఆ చదువు నేడు మన విశ్వవిద్యాలయాల్లో ఎవరికి అందుతోంది? ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై విచారించిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, ఉపాధ్యాయుల నుంచి తగిన సహకారం అందడం లేదని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎక్కువమంది చెప్పినట్టు నమోదైంది. ఫెలోషిప్ ఆగిపోయి, హాస్టల్ నుంచి వెలివేయబడి, రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్‌లో ప్రాణం తీసుకున్నాడు. ప్రవేశ ద్వారం దగ్గర రిజర్వేషన్ కాపాడగలదు. పర్యవేక్షకుని గది లోపల ఏం జరుగుతుందో ఏ రోస్టరూ చెప్పలేదు.

కనుక కోరవలసినవి స్పష్టం. పరిశోధక విద్యార్థులకు పర్యవేక్షకుల కేటాయింపు పారదర్శకంగా జరగాలి. గురువు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అర్థశాస్త్ర విభాగాల్లో ఆర్థిక భావాల చరిత్రకు చోటు దక్కాలి, అందులో అంబేడ్కర్ రచనలు పాఠ్యగ్రంథాలుగా ఉండాలి. విగ్రహానికి మాల వేసే ఆచార్యుడు మరునాడు తన గదికి వచ్చే దళిత విద్యార్థి రాతప్రతిని ఎరుపు సిరాతో, ఓపికతో, చివరి పేజీ దాకా చదవాలి. ఏప్రిల్ 8న గుర్తు చేసుకోవలసిన గురువు ఆ పనే చేశారు.