వైజాగ్‌ హుద్‌హుద్‌కు, ఆ మంచు కనుమకు లింకేంటి?.. థొరాంగ్ లా ట్రెక్‌లో ఆ ఒక్క రోజే ఎందుకంత కష్టం?

నేపాల్‌లోని ముక్తినాథ్ తెలుగు యాత్రికులకు కొత్తేం కాదు, 108 దివ్యదేశాల్లో ఒకటి. మనవాళ్లు ఎక్కువగా జీపులోనే వెళ్తారు. అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెకర్లు మాత్రం అవతలి వైపు నుంచి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి, వీపున బ్యాగుతో నడిచొస్తారు.

థొరాంగ్ ఫేదీ నుంచి తెల్లవారుజామునే తలకు లైట్లు పెట్టుకుని బయల్దేరతారు. అంత చలిలో ఎందుకు? రాత్రి గడ్డకట్టిన మంచు గట్టిగా ఉంటుంది, అడుగు నిలుస్తుంది. ఎండెక్కితే మెత్తబడి కాలు దిగబడిపోతుంది. పొద్దెక్కేకొద్దీ కనుమలో ఈదురుగాలి కూడా పెరుగుతుంది. పైన ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో దాదాపు సగమే. అందుకే నాలుగడుగులకోసారి ఆగాల్సిందే. తలనొప్పి, వాంతులు, నడకలో తూలుడు.. ఇవి కనిపిస్తే వెంటనే కిందికి దిగాలి. కనుమ దాటాక ముక్తినాథ్ వరకు దాదాపు 1,600 మీటర్ల దిగుడు. మోకాళ్లకు అసలు పని అక్కడే!

2014 అక్టోబర్ 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ గుర్తుందిగా? బలహీనపడిన ఆ తుపానే ఉత్తరానికి వెళ్లి, రెండు రోజులకు ఇక్కడ మంచు తుపానుగా విరుచుకుపడింది. అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ అంటే ట్రెకింగ్ సీజన్, ఆకాశం తేటగా ఉంటుందన్న ధీమా. కనుమ మీదున్న చిన్న టీ కొట్టులో తలదాచుకున్న కొందరు, మంచు ఆగకముందే దిగబోయి ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి ట్రెక్‌కు వెళ్లేవాళ్లు బంగాళాఖాతం వైపూ ఓ కన్నేయండి. అక్కడ తుపాను ఉందంటే ఫేదీలోనే ఆగిపోండి. మహా అయితే ఇంకో రోజు గది అద్దె పడుతుంది.